గుడ్లగూబ కక్కిన ఉండలు పిల్లలతో విప్పించినవాళ్లు ఉన్నారా?

గుత్తి టీచర్:
మా ఊరి పాత శనక్కాయల గోడౌన్‌లో ఒక దూలం కింద సున్నం చల్లినట్టు తెల్ల మరకలు, వాటి మధ్య బొటనవేలంత నల్లటి ఉండలు. పైన ఉండేది చావుపిట్ట, ఆ తెల్లమొహం గూబే. పగలు అది కదలకుండా 14 ఏరి తెచ్చాను. ఎనిమిదో తరగతి వాళ్లతో విప్పిద్దామనుకుంటే ఒక తండ్రి వచ్చి "గూబ పెంట పిల్లల చేత పట్టిస్తారా మేడం?" అని గొడవ. చేసినవాళ్లు చెప్పండి.

కడప నాన్న:
పెంట కాదని ముందు ఆయనకు చెప్పండి మేడం. గూబ ఎలుకను నమలదు, మింగేస్తుంది. మాంసం అరుగుతుంది, బొచ్చూ ఎముకలూ ఉండ చుట్టుకుని కొన్ని గంటలకు నోట్లోంచే బయటికొస్తాయి. గద్దలూ కక్కుతాయి గానీ వాటి కడుపులో ఆమ్లం గట్టిది, ఎముకలు చాలావరకు కరిగిపోతాయి. గూబదైతే పుర్రె కూడా మిగులుతుంది.
ఆయన భయంలో కొంత నిజముంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఫాయిల్‌లో చుట్టి ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పెట్టండి. గ్లౌజులు వేయించండి, అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి. ఆ బల్ల మీద టిఫిన్ బాక్సులు వద్దు.

కర్నూలు కుక్కర్:
ఓవెన్ లేక నేను పాత కుక్కర్‌లో ఆవిరి పట్టాను. మూడో విజిల్‌కు మా అత్తమ్మ "ఏం కూరమ్మా, తడిసిన కుక్క వాసన?" అంది. నిజం చెప్పేశాను. ఆ కుక్కర్ ఇప్పుడు మేడ మీద తులసికి నీళ్లు పోసేందుకు.

ఆదోని అక్క:
నవ్వలేక చచ్చాను 😄 మాది ఇంకో కథ. ఉండలు డబ్బాలో పెట్టి నెలరోజులు మర్చిపోయాను. తీస్తే బట్టలు కొట్టే చిమ్మెట పురుగులు బొచ్చంతా తినేశాయి, అడుగున ఎముకలు పప్పు పోసినట్టు! పిల్లలేమో "పని తగ్గింది" అని సంబరం. దాచాలంటే ఓవెన్ అయ్యాక గట్టి మూత డబ్బాలో కలరా ఉండ ఒకటి వేయండి.

కడప నాన్న:
విప్పేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, పళ్లు కుట్టుకునే పుల్లతో మెల్లగా. మావాడు తొందరపడి పుర్రె రెండు ముక్కలు చేసి ఏడ్చాడు. ఎముకలను నల్ల చార్ట్ మీద ఫెవికాల్‌తో అంటించండి.
మా ఉండలో కింది దవడలు ఏడు దొరికాయి, నాలుగు కుడివి, మూడు ఎడమవి. "ఎన్ని ఎలుకలురా?" అంటే మావాడు ఏడు అన్నాడు. వాళ్ల చెల్లెలు కుడివి లెక్కపెట్టి "ఒక్కో ఎలుకకు కుడిది ఒకటే కదా, కనీసం నాలుగు ఉంటాయి" అంది. ఎలుక ముందుపళ్లు పసుపు నారింజ రంగులో ఉంటాయి, వాటి వెనక ఖాళీ జాగా. పొడుగుమూతి చుంచుకు ఆ ఖాళీ ఉండదు, సూదుల్లాంటి తెల్లటి పళ్లు. వేలితో తడిమితే తేడా తెలుస్తుంది.

బేతంచెర్ల పాత విద్యార్థి:
మా దగ్గర బిలస్వర్గం గుహల్లో 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త తవ్వించినప్పుడు జంతువుల ఎముకలు బోలెడు దొరికాయి. గుహల్లో చిన్న ఎలుకల ఎముకలు పోగుపడటానికి గూబలు కక్కిన ఉండలూ ఒక కారణం. చరిత్ర పీరియడ్‌లోనూ చెప్పొచ్చు.
ఒక మాట. గూటి దగ్గరికి మాత్రం పిల్లల్ని తీసుకెళ్లొద్దు. గుడ్లగూబను పట్టడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. దీపావళి వస్తే మంత్రాల పేరుతో పట్టేవాళ్లుంటారు, చోటు ఎక్కడో బయట చెప్పొద్దు.

గుత్తి టీచర్:
అందరికీ థ్యాంక్స్. పక్కింటి ఓవెన్ అడిగాను, ఎందుకో ఇంకా చెప్పలేదు. గొడవపడ్డ నాన్నగారిని రమ్మన్నాను, శనక్కాయ రైతే. చేలో ఎలుకల బాధ ఆయనకే ఎక్కువ తెలుసు. ఇంకో డౌట్: చింతచెట్టు కింద దొరికిన చిన్న ఉండలో బొచ్చే లేదు, మెరిసే పెంకులు మాత్రం ఉన్నాయి?

ఆదోని అక్క:
పేడపురుగు రెక్కల పెంకులు అయ్యుంటాయి మేడం. చెట్టుతొర్రలో పైడికంటి అనే చిన్న గూబ ఉందేమో చూడండి, అది పురుగులే ఎక్కువ తింటుంది. దాన్ని విప్పడానికి నీళ్లక్కర్లేదు, ముట్టుకుంటేనే రాలిపోతుంది.