బోరు నీళ్లల్లో పెట్రోల్ వాసన, మోటారు ఆపకుండా కొట్టేస్తే క్లియర్ అవుద్దా?

బోరుబాధితుడు:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ శివార్లలో హైవే పక్కన చిన్న కాలనీ, నల్లా కనెక్షన్ ఇంకా రాలేదు, బోర్లే దిక్కు. మా బోరు 280 అడుగులు. దసరా తర్వాత నుంచి ట్యాప్ తిప్పగానే పెట్రోల్ వాసన, బకెట్లో పట్టి కాసేపు ఉంచితే పైన రంగురంగుల తెట్టు. ముందు మోటారు ఆయిలేమో అనుకుని మెకానిక్‌ని పిలిచి పైపులన్నీ పైకి లాగించా, పదమూడు వేలు వదిలాయి, మోటారు బంగారంలా ఉంది. సందు చివర బంకు ఉంది, ఓ 60 మీటర్లు ఉంటదేమో, అడిగితే మా ట్యాంకులు బాగానే ఉన్నాయి పో అన్నారు. విచిత్రం ఏంటంటే పక్కింటోళ్ల బోరు మాకంటే బంకుకి దగ్గర, వాళ్లకి ఏ వాసనా లేదు. అసోసియేషన్ పెద్దాయనేమో మూడ్రోజులు మోటారు ఆపకుండా బయటికి కొట్టెయ్, అదే పోద్ది అంటాడు, మా ఆవిడేమో కాచి వాడదాం అంటోంది. ఏం చెయ్యమంటారు?

చిన్నా_ఉప్పల్:
అన్నా కాచడం మాత్రం వద్దు!! పెట్రోల్లో ఉండే బెంజీన్ ఆవిరై వంటింట్లోకే వస్తది, తాగేబదులు పీలుస్తారు, పైగా పక్కన స్టవ్. వేడినీళ్ల స్నానం కూడా అంతే. సంపు మూత తీసి గాలాడనివ్వు, దగ్గర్లో సిగరెట్, స్విచ్చులు ఏం వద్దు. ఆర్వోని కూడా నమ్మకు. ట్యాంకర్ చెప్పుకో ప్రస్తుతానికి.

శాక్రమెంటో_శీను:
నేను కాలిఫోర్నియాలో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నానండి, లీకైన బంకుల కింద నీళ్లు బాగుచెయ్యడం. మీ పెద్దాయన సలహా అస్సలు పాటించొద్దు. బోరు ఆపకుండా తోడితే చుట్టూ ఉన్న నీళ్లన్నీ మీ వైపే వాలతాయి, వాటితో పాటు బంకు కింద ఉన్నదీ మీ దగ్గరికే నడుచుకుంటూ వస్తది. మేమూ తోడతాం కానీ లీకు పక్కనే బావి వేసి తోడతాం, ఇళ్ల బోర్లలో కాదు.

పెట్రోల్ నీళ్ల కంటే తేలిక కాబట్టి నీటిమట్టం మీద తేలుతుంది, ముందు ఆ తేలేదాన్ని పైపైన లాగెయ్యాలి, అది ఉన్నంత కాలం ఎన్ని ఫిల్టర్లు పెట్టినా దండగే. తర్వాత మట్టిలోకి గొట్టాలు దించి వాక్యూమ్‌తో ఆవిరి లాగుతాం, నీళ్ల అడుగు నుంచి గాలి ఊదుతాం, మిగిలింది బ్యాక్టీరియా తినేస్తది, దానికి ఆక్సిజన్ అందాలి అంతే. 1995లో లివర్‌మోర్ అనే ఇక్కడి ప్రభుత్వ ల్యాబ్ వాళ్లు కాలిఫోర్నియా లీకులు చూసి బెంజీన్ చాలా చోట్ల లీకు నుంచి 250 అడుగుల దూరం దాటట్లేదని తేల్చారు, కారణం ఆ బ్యాక్టీరియానే. అదే టైమ్‌లో ఎమ్‌టీబీఈ అని పెట్రోల్లో కలిపే ఇంకోటి నీళ్లల్లో ఇట్టే కరిగిపోయి, బ్యాక్టీరియాకి సరిగ్గా లొంగక దూరాలు పోయింది, 1996లో శాంటా మోనికా ఊరు దాదాపు సగం నీళ్లిచ్చే బావులు మూసుకుంది.

మీకు ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ కదా, అదో తలనొప్పి. బ్యాక్టీరియా ముందు ఇథనాల్‌నే తింటుంది, ఆక్సిజన్ అంతా దానికే అయిపోద్ది, బెంజీన్ అలాగే ఉండిపోద్ది.

రాయీ_నీరూ:
శీను గారూ, 250 అడుగుల లెక్క మా గ్రానైట్‌కి పెట్టకండి. అక్కడ ఎక్కువగా ఇసుక, మట్టి పొరలు, ఇక్కడ పైన మొరం, కింద రాయి, నీళ్లు నడిచేది పగుళ్లలోనే. పక్కింటి బోరుకి వాసన రాకపోవడం అందుకే, ఆ పగులు వాళ్ల బోరుని తాకలేదు, మీ బోరుని తాకింది, రేపు ఇంకో పది ఇళ్ల అవతల తేలినా ఆశ్చర్యం లేదు. దసరా తర్వాత మొదలవడం కూడా అర్థం అవుతోంది, వానలకి నీటిమట్టం లేస్తే మొరంలో ఇరుక్కున్న పెట్రోల్ కూడా లేచి కొత్త పగుళ్లలోకి దూరుద్ది.

మామూలు వాటర్ టెస్ట్ చేయించకండి బాబూ, టీడీఎస్, ఫ్లోరైడ్ చూసి నీళ్లు సూపర్ అని కాగితం ఇస్తారు. బీటెక్స్ (పెట్రోల్లో ఉండే బెంజీన్, టోలీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్‌ల టెస్టు) అని పేరు పెట్టి అడగండి. ప్లాస్టిక్ బాటిల్ కాదు, ల్యాబ్ వాళ్లిచ్చే చిన్న గాజు సీసాల్లో ఒక్క గాలి బుడగ కూడా లేకుండా నింపి ఐసులో పెట్టి అదే రోజు ఇచ్చెయ్యాలి.

ఆ రిపోర్ట్‌తో పొల్యూషన్ బోర్డుకి, ప్రజావాణికి రాతపూర్వకంగా ఇవ్వండి, బంకు ట్యాంకులకి లైసెన్స్ ఇచ్చేది పెసో, అంటే పెట్రోల్, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, కాబట్టి వాళ్లకీ ఓ కాపీ. బంకువాళ్లు రోజూ ట్యాంకులో డిప్ రాడ్ దించి స్టాక్ రాస్తారు, ఆ రిజిస్టరూ ట్యాంకు ప్రెజర్ టెస్టూ అడగమని లెటర్లో రాయండి. 2020లో సీపీసీబీ (కేంద్ర పొల్యూషన్ బోర్డు) బంకు ఇళ్లకి 50 మీటర్ల దూరం ఉండాలని రూల్ పెట్టింది కానీ అది కొత్త బంకులకి, దాని మీద కొట్లాటకి దిగితే అసలు లీకు సంగతి పక్కకి పోద్ది.

బోరుబాధితుడు:
అందరికీ థ్యాంక్స్. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నిన్న పెద్దాయన మాట విని ఐదు గంటలు మోటారు వేశా, చివరికి వచ్చేసరికి వాసన ఇంకా ఘాటెక్కింది, ఎందుకో ఇప్పుడర్థమైంది. మోటారు ఆపేశా, ట్యాంకర్ వచ్చింది. ల్యాబ్ వాళ్లు సీసాలు రేపిస్తామన్నారు, నాలుగు బోర్లకి తీసుకుంటున్నా. ఇదంతా చదివి వినిపిస్తే పెద్దాయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మా బోరుకి కూడా ఒక సీసా తెచ్చిపెట్టు నాయనా అన్నాడు.