అనంతపురం నుంచి మకాం మార్పు: హైదరాబాదా, బెంగళూరా?

పెన్నాఒడ్డు
ఇన్నాళ్లూ అనంతపురంలో ఇంటి నుంచే పని. జూన్ నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనని మా కంపెనీ చెప్పింది. హైదరాబాద్ గచ్చిబౌలి, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీల్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. జీతం ఎక్కడైనా ఒకటే. భార్య, జూన్‌లో ఏడో తరగతికి వెళ్లే పాప నాతో వస్తారు. అమ్మానాన్నలు అనంతపురం వదిలి రారు. అద్దెకు నెలకు 30,000 దాకా పెట్టగలను. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎన్‌హెచ్_44
ఇందులో ఆలోచించేదేముందప్పా? అనంతపురం నుంచి బెంగళూరు దాదాపు 215 కిలోమీటర్లు, హైదరాబాద్ దాదాపు 360. పెద్దాయనకు అర్ధరాత్రి ఏమన్నా అయితే ఆ తేడా ఏమిటో తెలుస్తుంది. మన జిల్లావాళ్లు పెద్ద జబ్బు వస్తే పోయేది కూడా అక్కడికే. గుండెకు జయదేవ, నరాలకు నిమ్హాన్స్, క్యాన్సర్‌కు కిద్వాయ్. బెంగళూరు తీసుకోండి.

గచ్చిబౌలి_గల్లీ
అన్నా, ఆ 215 ఊర్లకు అడుగు పెట్టేదాకనే. అనంతపురం రోడ్డు బెంగళూరుకు ఉత్తరం దిక్కు నుంచి వస్తది, ఎలక్ట్రానిక్ సిటీ దక్షిణం కొసకు ఉంటది. నడుమ హెబ్బాళ, సిల్క్ బోర్డు దాటాలె. శుక్రవారం సాయంత్రం ఆ ముక్కకే రెండు గంటలు పోతది. గచ్చిబౌలిల ఔటర్ ఎక్కితే శంషాబాద్‌ల దిగి సీదా 44 మీద పడ్తరు, నడుమ సిగ్నల్ లేదు.

ఎన్‌హెచ్_44
కారే ఎందుకు? 2025 ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ మొదలైంది. ఎలక్ట్రానిక్ సిటీలో ఎక్కి, ఆర్వీ రోడ్ దగ్గర గ్రీన్ లైన్‌కు మారితే యశ్వంతపురంలో దిగొచ్చు. అక్కడి నుంచి ధర్మవరం, అనంతపురం వైపు రైలు. మీ గచ్చిబౌలికి మెట్రోనే లేదు. బ్లూ లైన్ రాయదుర్గంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి మళ్లీ ఆటోనో బస్సో.

గచ్చిబౌలి_గల్లీ
కాచిగూడ–యశ్వంతపురం వందే భారత్ గురించే అయితే, అది యశ్వంతపురంల మధ్యాహ్నమే బయల్దేరుతది. ఆఫీసు అయినంక దొరకదు.

ఎన్‌హెచ్_44
ఉండేది అదొక్కటే రైలా? రాత్రి బండ్లు ఎన్ని లేవు?

మామిడాకు
దూరం ఇద్దరూ బాగానే కొలిచారు. డబ్బు లెక్క ఎవరైనా చెప్తారా?

పద్దులపుస్తకం
చెప్తాను. 30,000 అద్దె ఇంటికి హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అడ్వాన్సు, అంటే 60,000. బెంగళూరులో ఒకప్పుడు పది నెలలు అడిగేవాళ్లు. ఇప్పుడు బేరమాడితే అయిదారుకు దిగుతున్నారు. ఆరు అనుకుందాం: 1,80,000. తేడా 1,20,000. ఏడు శాతం వడ్డీతో చూస్తే నెలకు 700 నష్టం. దాని గురించి ఇంత గొడవ అక్కర్లేదు.

అసలు దెబ్బ ఖాళీ చేసేటప్పుడు. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం బెంగళూరులో ఆనవాయితీ. పదకొండు నెలలకే ఇల్లు మారితే ఆ 30,000 నెలకు 2,700 పైనే పడుతుంది. ముప్ఫైమూడు నెలలు ఉంటే 900. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఎన్నేళ్లు ఉంటారన్నది. అగ్రిమెంట్‌లో ‘పెయింటింగ్ ఖర్చు ఇంతకు మించదు’ అని రూపాయల్లో రాయించండి. తాళాలు ఇచ్చిన రోజే డిపాజిట్ వెనక్కి అని రాయించండి. మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందో లేదో, ఏటా పెంపు ఎంత శాతమో కూడా. డిపాజిట్ బ్యాంకు ద్వారానే కట్టండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, గీజరు ఫొటోలు తీసి ఓనరుకు పంపండి.

కొత్త ఆదాయపు పన్ను విధానంలో ఉంటే హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు ఎక్కడా రాదు. వృత్తి పన్ను తెలంగాణలో ఏడాదికి 2,400, కర్ణాటకలో 2,500.

గచ్చిబౌలి_గల్లీ
అగ్రిమెంట్‌ల రాసినా ఇయ్యరు సార్. నా దగ్గర నెలన్నర కిరాయి పట్టుకున్నరు. అడ్వాన్సు రెండు నెలలకు మించొద్దని 2021 కిరాయి చట్టంల ఉన్నదిగద?

పద్దులపుస్తకం
అది కేంద్రం ఇచ్చిన నమూనా చట్టం. రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే చెల్లుతుంది. దాన్ని చూపిస్తే ఓనరు ఇంకొకరికి ఇస్తాడు, అంతే.

టైరుగుర్తు
కారు సంగతి. ఏపీ నంబరు బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. హైదరాబాద్‌కూ ఇదే రూలు, మర్చిపోవద్దు. ఫారం 28తో అనంతపురం ఆర్టీవో దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. లోను ఉంటే ముందు బ్యాంకు సమ్మతి పత్రం. కొత్త చోట ఫారం 27, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్. ఇక్కడ కట్టిన పన్నులో మిగిలింది వెనక్కి అడగొచ్చు గానీ, అక్కడ కట్టిన రసీదు వచ్చాకే ఆ పని కదులుతుంది. అవతల పన్ను కట్టేందుకు డబ్బు చేతిలో పెట్టుకోండి.

నీలిటాంకు
బెంగళూరులో ఇల్లు చూస్తే కావేరి నీటి కుళాయి కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా అని అడగండి. 2024 వేసవిలో బోరు నమ్ముకున్నవాళ్లు ఏమయ్యారో చూశాం. గచ్చిబౌలి, కొండాపూర్‌లలో కూడా ఎండాకాలం ట్యాంకర్లే. రెండు చోట్లా ఏప్రిల్ నెల మెయింటెనెన్స్ బిల్లు చూపించమనండి.

గచ్చిబౌలి_గల్లీ
ఇవన్ని సరే. అసలు ముచ్చట భాష. ఇంటామె కూరగాయలు కొనాలె, పాప బడిల మాట్లాడాలె. హైదరాబాద్ మన ఊరు, అంతకంటె ఏం గావాలె?

ఎన్‌హెచ్_44
ఎవరి ఊరు? పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. సీమవాళ్లకు హైదరాబాద్ ఎంత బయటిదో బెంగళూరూ అంతే బయటిది. హిందూపురం, మడకశిర జనం తరతరాలుగా బెంగళూరుకే పోతున్నారు, వాళ్లకు అడ్డురాని భాష ఈయనకు అడ్డొస్తుందా? మీ ఊరి మీద ప్రేమ ఉంటే ఉండనీ, దాన్ని సలహా అని అమ్మొద్దు.

గచ్చిబౌలి_గల్లీ
నేనేం అమ్ముతలేను. మాట తిన్నగ మాట్లాడు.

హాల్‌టికెట్
ఇద్దరూ ఆగండి. ఇన్ని పోస్టుల్లో పాప ఏడో తరగతి అన్న మాట ఒక్కరూ పట్టించుకోలేదు.

ఏపీ ఈఏపీసెట్‌లో (ఇంజనీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష) కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేవాటిలో, 85 శాతం స్థానికులకు. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివితేనే స్థానికత. అనంతపురం ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తుంది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా బయట చదివితే అది పోతుంది, హైదరాబాద్‌లో చదివినా సరే. మిగతా 15 శాతంలో పోటీకి తల్లిదండ్రుల పదేళ్ల నివాసం చూపించాలి. ఆ పత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

హైదరాబాద్‌లో ఆ నాలుగేళ్లు చదివితే తెలంగాణ స్థానికత వస్తుంది. కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీకి ప్రధాన నిబంధన వేరు: ఒకటి నుంచి పన్నెండు మధ్య కనీసం ఏడేళ్లు అక్కడ చదవాలి, పదో పన్నెండో అక్కడే పాసవ్వాలి. ఏడు నుంచి పన్నెండు దాకా లెక్కపెట్టండి. ఆరేళ్లే. తల్లిదండ్రుల్లో ఒకరు కర్ణాటకలో ఏడేళ్లు చదివి ఉంటే వేరే క్లాజు ఉంది. లేకపోతే పాప ఇటు ఏపీలో స్థానికురాలు కాదు, అటు కర్ణాటకలోనూ కాదు. నీట్ రాష్ట్ర కోటాలోనూ స్థానికత చూస్తారు. జేఈఈకి ఈ బాధ లేదు, ఎన్‌ఐటీ సొంత రాష్ట్ర కోటా మాత్రం పన్నెండో తరగతి ఎక్కడ పాసైతే అక్కడిదే.

బెంగళూరే అయితే బడిలో చేర్చే ముందు కన్నడం సంగతి అడగండి. కన్నడం నేర్పాలని 2015 చట్టం ఉంది. ఏడులో చేరే పిల్లకు అక్షరాల నుంచి నేర్పుతారా, పరీక్షలో వెసులుబాటు ఉందా?

ఎన్‌హెచ్_44
అయిదారేళ్ల తర్వాతి సీటు కోసం ఈ రోజు ముసలివాళ్లను వదిలేయమంటారా? ఆ సీటు ప్రైవేటులో కొనుక్కోవచ్చు. నాన్నను ఎక్కడ కొంటాం?

హాల్‌టికెట్
వదిలేయమని నేను అనలేదు. మీరు మొదటి నుంచీ అమ్మానాన్నల తరఫున మాట్లాడుతున్నారు, నేను పాప తరఫున. ఈ 215, 360 గొడవంతా ఎవరి అవసరం ముందు అన్నదాని గురించే. అది తేల్చాల్సింది పెన్నాఒడ్డు గారు, మీరూ నేనూ కాదు.

మామిడాకు
మూడు రోజులే ఆఫీసు అంటున్నారు కదా. సంసారం అనంతపురంలోనే ఉంచి, తను బెంగళూరు పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్) ఉండి, వారం వారం ఇంటికి వస్తే?

హాల్‌టికెట్
అలా అయితే ఏపీ స్థానికత చెక్కుచెదరదు, పెద్దవాళ్ల దగ్గర మనిషీ ఉంటుంది. ఆ మూడు రోజులు వరసగా ఇస్తారా అన్నది మాత్రం కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. సోమ, బుధ, శుక్ర అంటే కుదరదు.

గచ్చిబౌలి_గల్లీ
ఇంటామెనొక్కదాన్నే అత్తమామల దగ్గర పెట్టుడు, ఆమెను అడగకుండ తేల్చుడేంది?

పెన్నాఒడ్డు
సీఈటీ ఏడేళ్ల లెక్క నాకు తెలియదు. మా ఆవిడ డిగ్రీ మూడేళ్లు బళ్లారిలో చదివింది, ఆ తల్లిదండ్రుల క్లాజుకు అది చాలదన్నమాట. రోజులు వరసగా ఇస్తారా అని సోమవారం మేనేజరును అడుగుతాను. అంతకంటే ముందు ఇంట్లో అడగాలి.

పద్దులపుస్తకం
పీజీ అయినా సరే, నోటీసు ఎన్ని రోజులో, డిపాజిట్‌లో ఎంత కోస్తారో కాగితం మీద రాయించండి.