అప్‌డేట్: రాచకొండలో టెంట్ లోపల తడి ఎక్కడిదో తేలింది

గత నెల అడిగిన ప్రశ్న గుర్తుందా? హైదరాబాద్ దగ్గరి రాచకొండ గుట్టలకు ఒంటరిగా వెళ్లి టెంట్‌లో పడుకుంటే, వాన లేకుండానే తెల్లారేసరికి టెంట్ లోపలంతా తడి. పైగా టెంట్ తాళ్లు కట్టడానికి గ్రానైట్ బండలో మేకు దిగదు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

టెంట్ కుట్టే ఆయనకు చూపించాను. కుట్ల మీద మగ్గుతో నీళ్లు పోశాడు, ఒక్క చుక్క దిగలేదు. "కారింది టెంట్ కాదు సార్, మీ ఊపిరి" అన్నాడు! చలికి భయపడి జిప్పులన్నీ బిగించేశాను కదా, ఊపిరిలోని తేమే చల్లబడ్డ గుడ్డకు తగిలి నీరైంది. మొన్న శని, ఆదివారాల్లో మళ్లీ వెళ్లి, రెండు వైపులా జాలీ తెరిచి, పైగుడ్డ లోపలి గుడ్డకు అంటకుండా లాగి కట్టాను. మూలల్లో కాస్త చెమ్మ, అంతే.

మేకులకు బదులు, తాడును పుల్లకు కట్టి, పుల్లకు ముందు తాడు మీద పెద్ద రాయి పెట్టమన్న సలహా బ్రహ్మాండం. నేరుగా రాయికి చుట్టిన తాడు ఒకటి మాత్రం అంచుకు ఒరుసుకుని రాత్రికే తెగింది.

కాబట్టి టెంట్‌కు వాటర్‌ప్రూఫ్ స్ప్రే, కింద పరచడానికి రెండో పట్టా అక్కర్లేదు. స్ప్రే ముందే కొనేశాను, ఎవరికైనా కావాలంటే చెప్పండి.