అప్‌డేట్: కెమెరా కొన్నాను, తేలినీలాపురం వెళ్లొచ్చాను

జేబులో పట్టే జూమ్ కెమెరా ఏది మంచిదని పోయిన నెల అడిగాను కదా. ఎక్కువమంది చెప్పిన సోనీ ఆర్‌ఎక్స్100 సెవెన్‌కి సెన్సర్ (వెలుగును పట్టే భాగం) పెద్దదే, కానీ జూమ్ 200 ఎంఎం దగ్గర ఆగిపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి). నాకు పక్షులు ముఖ్యం. అందుకే 960 ఎంఎం దాకా వెళ్లే కానన్ ఎస్‌ఎక్స్740 తీసుకున్నాను.

టెక్కలి దగ్గర, పక్షులు వచ్చే తేలినీలాపురంలో పొద్దున్నే చెట్ల మీద పెలికాన్‌లు! ముక్కు కింద సంచి ముడతలు కూడా ఫొటోలో పడ్డాయి. ఫుల్ జూమ్‌లో మొదట అన్నీ షేక్ అయ్యాయి. గోడకు ఆనుకుని, షట్టర్ స్పీడ్ సెకనులో 1/1000 వంతు పెట్టాక కుదిరాయి. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఎండలో స్క్రీన్ సరిగా కనిపించక చాలా ఇబ్బంది పడ్డాను.

సాయంత్రం శ్రీముఖలింగం గుడిలో నీడలో ఉన్న శిల్పాలు మాత్రం గరుగ్గా వచ్చాయి. తక్కువ వెలుగులో పెద్ద సెన్సరే నయం కాబట్టి, గుళ్ల కోసమే కొనేవాళ్లు సోనీయే తీసుకోండి. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్ అండీ.