విశ్వనాథ్ గారి చిత్రాలలో అగ్రస్థానం దేనిది?

ప్రశ్న: దర్శకుడు కె. విశ్వనాథ్ గారి చిత్రాలను వరుసలో నిలపవలసి వస్తే, 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ తరువాతి స్థానం ‘సాగర సంగమం’దేనా, లేక మీ లెక్క వేరా?

జవాబు 1: నా దృష్టిలో ‘సాగర సంగమం’దే మొదటి స్థానం. తాగిన మైకంలో నూతి గట్టు మీద నాట్యమాడిన బాలు, వానకు మాధవి నుదుటి బొట్టు చెరిగిపోకుండా అరచేయి అడ్డుపెట్టినప్పుడు, ఓడిపోయిన ఆ కళాకారుడి మనసంతా ఒక్క మాట లేకుండానే మన కళ్లకు కడుతుంది. ఆ ఘట్టం ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పూడుకుపోతుంది.

జవాబు 2: కన్నకూతురి పాటలో అపస్వరం దొర్లినా సహించలేని ‘శంకరాభరణం’ శంకరశాస్త్రిని రెండో స్థానానికి దించడం నాకు సమ్మతం కాదు.

జవాబు 3: మీరిద్దరూ ‘స్వర్ణకమలం’ను మరచిపోయారు. నాట్యం చేతనైనా దానిపై మనసు లేని మీనాక్షిని నిందించకుండా, ఆమె విసుగులోని న్యాయాన్ని కూడా చూపినందుకు, నేను దానినే ముందుంచుతాను.