రెండో ప్రపంచ యుద్ధం గెలిచింది ఎవరి వల్ల? నా లెక్క ప్రకారం రష్యా వల్లే

గుంటూరు_కారం:
మొన్న భోజనాల దగ్గర మా అబ్బాయికీ నాకూ వాదన వచ్చింది. వాడు తొమ్మిదో తరగతి. "అమెరికా ఫ్రాన్స్ తీరంలో, నార్మండీలో దిగకపోతే హిట్లర్ గెలిచేవాడు నాన్నా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇక్కడా అదే మాట చెబుతున్నా. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

యుద్ధంలో చనిపోయిన జర్మన్ సైనికుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది తూర్పున, ఎర్రసైన్యం (సోవియట్ సైన్యం) చేతిలోనే పోయారు. నార్మండీ 1944 జూన్ 6న. అప్పటికే స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం ముగిసి ఏడాది దాటింది, కుర్స్క్ కూడా అయిపోయింది. ఆ నెల 22న బెలారస్‌లో సోవియట్లు ఆపరేషన్ బగ్రాతియాన్ మొదలుపెట్టి, ఐదారు వారాల్లో వార్సా పొలిమేరల దాకా వచ్చేశారు. ఆ పేరు మా వాడెప్పుడూ వినలేదు.

సోవియట్ యూనియన్ కోల్పోయింది సుమారు 2.7 కోట్ల మందిని. ఒక్క లెనిన్‌గ్రాడ్ సంగతే చూడండి. 872 రోజుల ముట్టడి. 1941 చలికాలంలో కూలిపని చేయని మనిషికి రోజుకు 125 గ్రాముల రొట్టె. మన ఇంట్లో పిల్లాడు టిఫిన్‌లో వదిలేసేంత. ఆ ఊళ్లో పోయిన జనం, అమెరికా మొత్తం యుద్ధంలో కోల్పోయినవాళ్ల కంటే ఎక్కువ.

లారీ_లోడు:
కారం గారూ, చావుల లెక్కలో మీతో పేచీ లేదు. కానీ బగ్రాతియాన్‌లో ఐదారు వారాల్లో అంత దూరం ఎలా వెళ్లారో అది కూడా చెప్పాలి కదా.

నేను ట్రాన్స్‌పోర్టు లైన్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. నాకు ముందు కనపడేది అదే. ట్యాంకు ముందుకు పోతే దాని వెనకే డీజిల్, గుండ్లు, తిండి పోవాలి. ఒక్కరోజు లోడు ఆగితే ఆ ట్యాంకు ఇనుప ముద్దే. లెండ్-లీజ్ కింద, అంటే మిత్రదేశాలకు యుద్ధ సామగ్రి ఇచ్చే పథకం కింద, అమెరికా సోవియట్లకు పంపిన లారీలు, జీపులు కలిపి 4 లక్షల పైమాటే. ఎక్కువ పేరొచ్చింది స్టూడీబేకర్ లారీకి, పది చక్రాల బండి, బురదలో కూడా లాగేది. సోవియట్ల కత్యూషా రాకెట్లు చివరికి ఆ లారీల మీదే ఎక్కాయి. రైలు ఇంజన్లు 2 వేలకు దగ్గరగా వచ్చాయి. వాళ్ల ఫ్యాక్టరీలు ట్యాంకుల మీద పడ్డాయి కాబట్టి సొంత ఇంజన్లు చేసుకునే తీరిక లేదు. విమానాల పెట్రోలు, డబ్బాల్లో మాంసం, బూట్లు సరేసరి.

ఇంకోటి. అమెరికా, బ్రిటన్ విమానాలు జర్మనీ మీద బాంబులు వేస్తుంటే, తూర్పున ఉండాల్సిన ఫైటర్ విమానాలనూ 88 ఎంఎం ఫిరంగులనూ జర్మన్లు సొంత నగరాల కాపలాకి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

గుంటూరు_కారం:
లారీలు నిజమే. కానీ వాటిలో ఎక్కువ భాగం వచ్చింది 1943 నుంచి. 1941 డిసెంబరులో మాస్కో ముందు జర్మన్లను ఆపినప్పుడు, స్టాలిన్‌గ్రాడ్‌లో ఇంటింటికీ కొట్టుకున్నప్పుడు, ప్రధానంగా ఉన్నది వాళ్ల మనుషులు, వాళ్ల తుపాకులే. లారీలు గెలుపును దగ్గర చేశాయి. ఓటమిని తప్పించింది మాత్రం అవి కాదు.

కృష్ణాతీరం:
1941 నుంచే లెక్క మొదలుపెడితే ఎలా అండీ? 1939 ఆగస్టు 23న హిట్లర్‌తో ఒప్పందం చేసుకుంది స్టాలినే. పోలండ్‌ను ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. 1941 జూన్ దాకా జర్మనీకి చమురు, ధాన్యం రష్యా నుంచి వెళ్తూనే ఉన్నాయి. ఆ మధ్యలో, 1940లో ఫ్రాన్స్ పడిపోయాక, నిలబడింది బ్రిటన్, దాని వెనక ఉన్న దేశాలు.

పోలండ్ వాళ్లని అసలు ఎవరూ తలచుకోరు. జర్మన్లు రహస్య సందేశాలకు వాడిన ఎనిగ్మా యంత్రం లోపలి అమరికను 1932లోనే లెక్కగట్టింది మరియన్ రెయెవ్‌స్కీ అనే పోలిష్ గణితవేత్త. యుద్ధానికి కొన్ని వారాల ముందు, 1939 జులైలో, తమకు తెలిసిందంతా వాళ్లు బ్రిటిష్, ఫ్రెంచి వాళ్ల చేతిలో పెట్టారు. దేశం పోయింది, పని మిగిలింది.

హైదరాబాద్ వాళ్లకి ఒక సంగతి: బ్రిటన్ గగనతల యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152 స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. దాని బ్యాడ్జి మీద ఉన్నది నిజాం తలపాగా.

సీమ_మాస్టారు:
మీరంతా యూరప్ దాటి రావడం లేదు. చైనాలో యుద్ధం 1937 జులైలోనే మొదలైంది. 1938లో జపాన్ సైన్యాన్ని ఆపడానికి చైనా ప్రభుత్వమే పసుపు నది కట్ట తెగ్గొట్టింది. ఆ నీళ్లలో లక్షల మంది సొంత రైతులు పోయారు. 1945లో లొంగిపోయేనాటికి కూడా పది లక్షలకు పైగా జపాన్ సైనికులు చైనాలోనే ఇరుక్కుని ఉన్నారు. వాళ్లు అక్కడ లేకపోతే ఎక్కడుండేవారో మ్యాప్ తీసి చూడండి.

విశాఖ_అలలు:
మాస్టారూ, మ్యాప్ తీయక్కర్లేదు, మా నాయనమ్మని అడిగితే చెప్పేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ హార్బరు మీద బాంబులేశాయి. కాకినాడ మీద కూడా. ఆ వారమే ఊరు ఖాళీ అయిపోయిందని, పొయ్యి మీద అన్నం కుండ దించకుండానే బండెక్కామని ఆవిడ చెప్పేది.

రెండేళ్ల తర్వాత ఆ జపాన్ సైన్యాన్ని ఆపింది ఇంఫాల్, కోహిమాల్లో. పోయిన ఏడాది కోహిమా వెళ్లాను. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి అటు జపాన్ వాళ్లు, ఇటు బ్రిటిష్, భారత సైనికులు. మధ్యలో గ్రెనేడ్లు విసురుకున్నారు. ఆ కోర్టు గీతలు ఇప్పటికీ తెల్లగా కనిపిస్తాయి. నడిస్తే నిమిషం పట్టదు ఈ చివర నుంచి ఆ చివరకి. అక్కడే దహనమైన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు ఒక స్మారకం మీద చెక్కి ఉన్నాయి. వేలితో తడుముతూ చాలాసేపు చదివాను.

మన సైన్యం 25 లక్షల మంది. సుమారు 87 వేల మంది పోయారు. ఇథియోపియా నుంచి ఇటలీలోని మాంటే కాసినో దాకా పోరాడారు. ఏ సినిమాలో ఉన్నారు వీళ్లు?

ఓరుగల్లు_కోట:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ దాన్ని "భారత్ సాయం" అనడానికి నాకు మనసొప్పదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మనల్ని ఒక్క మాట అడగకుండా యుద్ధంలోకి దింపాడు. అందుకే కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. 1943లో బెంగాల్‌లో దాదాపు 30 లక్షల మంది ఆకలికి, జబ్బులకు చచ్చిపోయారు. మన ధాన్యం, మన రైళ్లు, మన పడవలు ముందు యుద్ధానికే. ఇచ్చింది వేరు, లాక్కున్నది వేరు. పైగా కోహిమా కొండల్లో అవతలి వైపు ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లూ ఉన్నారు. వాళ్లూ మనవాళ్లే.

విశాఖ_అలలు:
లాక్కున్నారన్నది నిజం తమ్ముడూ. నేను లిన్‌లిత్‌గోకి దండ వేయడం లేదు. కానీ ఆ 917 మందిలో ఒక్కొక్కడూ కందకంలో పక్కవాడి కోసం నిలబడ్డవాడే. పంపినవాడి తప్పుకి వాళ్ల పేర్లు ఎందుకు చెరిపేయాలి?

లారీ_లోడు:
ఒక మాట కలుపుతాను. సోవియట్లకు వెళ్లిన సరుకులో పెద్ద భాగం ఇరాన్ మీదుగా వెళ్లింది. ఆ దారి కాపలాలోనూ, లారీలు నడిపినవాళ్లలోనూ భారత సైన్యం వాళ్లున్నారు. కారం గారి రష్యా, నా అమెరికా, అక్క చెప్పిన సైనికులు ఆ ఒక్క రోడ్డు మీద కలుస్తారు.

గుంటూరు_కారం:
ఇది నాకు తెలియదు లోడు గారూ. జర్మన్ సైన్యం నడుం విరిచింది సోవియట్లే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. పైన టైటిల్‌లో "యుద్ధం" అని రాసింది తప్పే, "జర్మనీ మీద యుద్ధం" అని ఉండాల్సింది. ఓరుగల్లు తమ్ముడూ, బెంగాల్ ధాన్యం, పడవల సంగతి ఇంకాస్త వివరంగా రాయగలవా? ఆదివారం మా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాను.