స్టాక్ అన్‌వైండింగ్‌కు "పురి విప్పడం" కుదురుతుందా?

ప్రశ్న (ఒంగోలు నుంచి):
మా కాలేజీ పిల్లల కోసం లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. కెర్నెల్ కూలినప్పుడు ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో స్టాక్‌లో (ఫంక్షన్ పిలుపుల వివరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండే మెమరీలో) వెనక్కి వెళ్లి తెలుసుకోవడమే స్టాక్ అన్‌వైండింగ్. దీనికి "పురి విప్పడం" అని రాసుకున్నాను. "చిక్కు తీయడం" బాగుంటుందని ఒకరన్నారు. ఏది రాయమంటారు?

జవాబు (కోవూరు దగ్గర పాటూరు నుంచి):
మేడమ్, రెండూ వద్దండి. పురి విప్పడం అనగానే పిల్లల కళ్లకు నెమలి కనపడుద్ది. పోనీ తాడు పురి అనుకున్నా, అది విప్పితే పేటలు విడిపోయి తాడే ఉండదు. ఇంక చిక్కు అంటారా, స్టాక్‌లో చిక్కే లేదు. ఒకదాని మీద ఒకటి పద్ధతిగా పేర్చి ఉంటుంది.

నేను మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి కెర్నెల్ పనిలోకి వచ్చినవాణ్ణి, అందుకే ఈ మాట మీద ఇంత పట్టింపు. పడుగులో పోగు తెగితే మా అమ్మ నేసిన బట్టను విప్పేది కాదు. పోగులు దూరే అచ్చు దగ్గర నుంచి వెనక్కి వెతుక్కుంటా పోయి, తెగిన కొస పట్టుకుని అతికేది. చూపు ఆననప్పుడు "కొస తియ్యి అబ్బయ్యా" అని నన్ను పిలిచేది. కెర్నెల్‌లో జరిగేదీ అదే. స్టాక్‌లో ఒక్క బైటు కూడా కదలదు, చదువుకుంటా వెనక్కి పోతాం. సీ ప్లస్ ప్లస్‌లో ఎక్సెప్షన్ వచ్చినప్పుడు మాత్రం ఫ్రేములు (స్టాక్‌లో ఒక్కో ఫంక్షన్ వాటా) నిజంగానే ఒక్కొక్కటీ తొలగిపోతాయి, డిస్ట్రక్టర్లు (శుభ్రం చేసే ఫంక్షన్లు) నడుస్తాయి. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. మనకు రెండు మాటలున్నాయి కదా: మొదటిదాన్ని కొస తీయడం అందాం, రెండోదాన్ని విప్పడం అందాం.

కావలి నుంచి:
బాగుంది. అయితే ఆ కొస ఎక్కడుందో మిషనుకు ఎట్లా తెలుసుద్ది?

పాటూరు నుంచి:
అసలు కష్టం ఆడే ఉంది అన్నా. సీ కోడ్‌కయితే కంపైలరే గుర్తులు రాసిపెట్టుద్ది. చేత్తో రాసిన అసెంబ్లీకి (ప్రాసెసర్ ఆదేశాలు నేరుగా రాసే భాషకు) మనిషే రాయాలి. 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్లలో ఒక పుష్ చేస్తే (స్టాక్ మీద ఒక విలువ పెడితే) స్టాక్ కొసను చూపే స్టాక్ పాయింటర్ 8 బైట్లు కిందికి దిగుద్ది. ఆ పక్కనే "8 జరిగింది" అని సీఎఫ్ఐ (కాల్ ఫ్రేమ్ ఇన్ఫర్మేషన్) గుర్తు పెట్టాలి. ప్రతిసారీ రెండు వరసలు రాయలేక రెంటినీ కలిపి మ్యాక్రోలు చేసుకున్నారు. ఎవరన్నా పుష్ చేర్చి గుర్తు మరిచిపోతే కోడ్ మామూలుగానే నడుస్తుంది. ఆ తప్పు బయటపడేది కెర్నెల్ కూలిన రోజే, మనకు జాడ నిజంగా కావాల్సిన రోజే. పైగా ఆ గుర్తుల మధ్య అసలు కోడ్ కంటికి ఆనేది కాదు.

2015లో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ ఎక్స్86 అసెంబ్లీలో చేత్తో రాసిన ఆ గుర్తుల్ని పీకేశారు. నా మటుకు అది చాలా మంచి పని. 2017లో 4.14 కెర్నెల్‌తో జోష్ పోయింబోఫ్ రాసిన ఓఆర్‌సీ అనే కొత్త కొస తీసే పద్ధతి వచ్చింది. ఆబ్జ్‌టూల్ అనే పనిముట్టు తయారైన కోడ్‌ను తనే చదివి, ఏ చోట స్టాక్ ఎంత దిగిందో లెక్కగట్టి పట్టిక రాసుద్ది. ఎంట్రీ కోడ్ (కెర్నెల్‌లోకి అడుగుపెట్టే చోటి కోడ్) లాంటి చోట్ల మాత్రం మనిషి సూచన ఇప్పటికీ కావాలి.

ఒంగోలు నుంచి:
ఒక అభ్యంతరం. నోరు విప్పు, విప్పి చెప్పు, పొడుపుకథ విప్పు అంటాం. వీటిలో ఏదీ ఊడిపోవడం లేదే. మరి విప్పడం ఒక్కటే రెండు చోట్లా ఎందుకు చాలదు?

పాటూరు నుంచి:
నిజమే, అది నాకు తట్టలేదు. కానీ ఏం విప్పుతున్నామో కూడా చూడాలి మేడమ్. కథను విప్పితే అర్థం బయటికొస్తుంది, మూటను విప్పితే సరుకు బయటపడుతుంది. స్టాక్ అంటే పిల్లల మనసులో ఉండేది పేర్చిన సరుకే. "స్టాక్ విప్పారు" అని చదివితే ఖాళీ చేశారనే అనుకుంటారు.

ఒంగోలు నుంచి:
సరే, ఒప్పుకున్నాను. "కొస తీయడం" అనే రాసి, పక్కన మీ అమ్మగారి మగ్గం సంగతి కూడా పెడతాను. మరి యానోటేషన్‌ను ఏమనాలి?

పాటూరు నుంచి:
గుర్తు అనండి, చాలు. మ్యాక్రోను మ్యాక్రోగానే ఉంచండి.